వెట్టికి సేవ అని పేరు పెట్టకండి



మొన్న సాయంత్రం మా వీధి చివరి రావిచెట్టు అరుగు మీద మా మామూలు సభ జరిగింది. సభ్యులందరూ పింఛనుదారులే కాబట్టి కోరమునకు ఎన్నడూ లోటుండదు. ఆ సమయానికి నా పూర్వ శిష్యుడొకడు అటుగా వచ్చి, నమస్కరించి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళాడు. ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేస్తున్నాడు. వాళ్ళ సంఘం సమావేశానికి వెళ్ళి వస్తున్నాడట. అతడు మలుపు తిరిగాడో లేదో, రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడొకరు పెదవి విరిచారు.

"దొంగలకు మంచిమాటలు చెప్పే ఉద్యోగానికి కూడా సంఘమేమిటి మేస్టారూ? అది సేవండీ. సేవ చేసేవాడు జీతం మాట ఎత్తకూడదు" అన్నారు.

అప్పటికి ఊరుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట నాకు కొత్తది కాదు. ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసినవాడిని, "భాషాసేవ చేసేవారికి గ్రేడులెందుకండీ" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పదో తరగతికి పాఠం చెబుతూ కింది తరగతుల ఉపాధ్యాయుడి స్కేలు పుచ్చుకున్న రెండో గ్రేడు పండితులకు ఈ 'సేవ' అనే పదం రుచి బాగా తెలుసు. ఇవ్వవలసినది ఇవ్వకుండా ఎగవేయదలచిన ప్రతివాడూ మొదట చేసేది పూజ. అర్ధరాత్రి లేచి ఈ టపా రాయడానికి కారణం అదే.

మొదట పదం సంగతి చూద్దాం. పండితుడి అలవాటు, మన్నించండి. ప్రొబేషన్ అనగానే మనవాళ్ళకు ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలే గుర్తుకు వస్తాయి. ఇది ఆ ప్రొబేషన్ కాదు. నేరం రుజువైన మనిషిని జైలుకు పంపకుండా, సత్ప్రవర్తనకు బాండు రాయించుకుని, ఒక అధికారి కనిపెట్టి ఉండగా సమాజంలోనే ఉంచడం. న్యాయపరిభాషలో దీనికి పరివీక్ష అని పేరు. పరి అంటే చుట్టూ. వి అంటే విశేషంగా. ఈక్ష అంటే చూపు. మనిషిని అతడి చుట్టూ ఉన్నదానితో సహా విశేషంగా చూడటం అన్నమాట. ఇల్లు, వాకిలి, అప్పు, తాగుడు, చదువు, సావాసం అన్నీ చూడాలి. ఇంత చూపు ఊరికే రాదు. దానికి శిక్షణ కావాలి, తీరిక కావాలి, కాళ్ళకు ఓపిక కావాలి, బస్సుకు ఛార్జీ కావాలి.

ఇక చట్టం. మన కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1936లో, ఈ విషయమై ఒక చట్టం వచ్చింది. దేశం మొత్తానికి ఉద్దేశించిన నేరస్థుల పరివీక్ష చట్టం 1958లో వచ్చింది. అందులో ఆరో సెక్షను మా మిత్రుడు ఒక్కసారి చదివితే బాగుండును. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాడు యావజ్జీవ శిక్ష పడేంతటిది కాని నేరం చేస్తే, అతణ్ణి మందలించో బాండు మీదో వదలడం తగదని తృప్తి కలిగితే తప్ప కోర్టు జైలుకు పంపకూడదు. ఆ తృప్తి కలగడానికి ప్రొబేషన్ ఆఫీసరు నివేదికను కోర్టు తెప్పించుకోవాలి. పంపితే ఎందుకు పంపుతున్నదో కారణాలు రాయాలి. అంటే ఈ ఆఫీసరు చట్టానికి అలంకారం కాదు, ఇరుసు. ఇరుసు లేని బండికి ఎద్దులెంత బలిసినవైతే ఏమి లాభం?

పధ్నాలుగో సెక్షను ఆయన విధులు చెబుతుంది. విచారించి నివేదిక ఇవ్వాలి. తన పర్యవేక్షణలో ఉన్నవారిని కనిపెట్టి ఉండాలి. అవసరమైన చోట వారికి తగిన పని చూపించే ప్రయత్నం చేయాలి. కోర్టు నష్టపరిహారమో ఖర్చులో కట్టమంటే కట్టడంలో సలహా, సాయం అందించాలి. ఇవన్నీ ఒక మనిషి చేయాలి. 'మంచిమాటలు చెప్పే ఉద్యోగం' అని తేలిగ్గా అనేశారే, ఆ మాటలు చెప్పడానికి ముందు ఎన్ని గుమ్మాలు ఎక్కాలో చూడండి.

ఈ చట్టాన్ని గౌరవించడంలో మనవారి పాత్ర చిన్నది కాదు. 1964లో రతన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రాసినవారు రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. నేరస్థుడు పదహారేళ్ళ పంజాబు కుర్రవాడు. శిక్ష పడిన నాటికి ఆ ప్రాంతంలో ఈ చట్టం అమలులోకి రాలేదు. అయినా పై కోర్టులు దాని మేలు అతడికి అందించవచ్చునని సుబ్బారావుగారు తేల్చారు. న్యాయమూర్తి అంత దూరం చూశారు. ఆ చూపును గడప దాకా మోసుకుపోయే మనిషికి మనం ఏమి చేశాం?

నేను చూసినది చెబుతాను.

1994లో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. అంతకు మూడేళ్ళ ముందు బడి మానేసిన నా శిష్యుడు, అప్పటికి పంతొమ్మిదేళ్ళవాడు, పొలాల్లో మోటార్లు విప్పి రాగితీగ అమ్ముకుంటూ దొరికిపోయాడు. ఒక మధ్యాహ్నం, నెత్తిన రుమాలు వేసుకున్న మధ్యవయస్కుడొకాయన బడికి వచ్చారు. బస్సు దిగి మూడు మైళ్ళు నడిచారట. ప్రొబేషన్ ఆఫీసరునని చెప్పి మంచినీళ్ళడిగి తాగారు. తరువాత ఆయన వేసిన మొదటి ప్రశ్న "వాడు దొంగ అంటారా?" కాదు. "వాడు బడి మానేసింది ఏ నెలలోనండీ?" అన్నారు.

నాకు గుర్తులేదు. హాజరుపట్టీ తీయించారు. కార్తీకమాసంలో మానేశాడు. ఆ నెలలోనే వాడి తండ్రి పోయాడని ఊళ్ళో విచారించి తెలుసుకున్నది ఆయనే. మూడు సంవత్సరాలు వాడికి పద్యాలు చెప్పిన నాకు తెలియదు. ఆయన మరి రెండుసార్లు వచ్చారు. వాడి తల్లితో మాట్లాడారు, అప్పిచ్చినవాడితో మాట్లాడారు. కోర్టు రెండేళ్ళ బాండు మీద వదిలింది. అటుపైన ఆయన చేసిన పని తలచుకుంటే నాకిప్పటికీ నవ్వూ కన్నీరూ కలిసి వస్తాయి. రాగితీగ దొంగిలించినవాణ్ణి తీసుకుపోయి, యజమానిని బతిమాలి, మోటార్లు చుట్టే దుకాణంలోనే పనికి పెట్టారు! నేడు వాడికి సొంత దుకాణం ఉంది. ఆ పొలాల మోటార్లు కాలిపోతే వాడి దగ్గరకే వస్తాయి.

ఇది సేవ కాదా అంటారా? ముమ్మాటికీ సేవే. కాని ఆ సేవకు మూడు ప్రయాణాల బస్సు ఛార్జీ, తీరిక, అనుభవం, నెల తిరిగేసరికి ఇంటికి వెళ్ళే జీతం ఆధారంగా నిలిచాయి. ఆధారం తీసేసి శిఖరాన్ని నిలబెట్టమంటే ఏ స్థపతి వల్ల అవుతుంది?

ఇప్పుడు రెండో కథ. ఇందులో దోషిని నేనే.

2017. పదవీ విరమణకు ఏడాది ముందు. ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుడిని. మర్నాడు తనిఖీ. బల్ల నిండా రిజిస్టర్లు. అప్పుడు ఫోను మోగింది. మా బడిలో చదివి మానేసిన పదిహేడేళ్ళ కుర్రవాడు జువెనైల్ బోర్డు ముందున్నాడు. అవతల మాట్లాడుతున్నది కాంట్రాక్టు మీద పనిచేస్తున్న యువకుడు. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం, బోర్డు ముందు మొదటిసారి హాజరైన నాటినుంచి పదిహేను రోజులలో సామాజిక విచారణ నివేదిక రావాలి. ఆ గడువు మర్నాటితో ముగుస్తుంది. "రావాలనే ఉంది సార్, ఇంకో ఆయన పని కూడా నా మీదే ఉంది, మూడు నెలలుగా డబ్బులు రాలేదు, బండిలో పెట్రోలు కూడా..." అని మధ్యలో ఆగిపోయాడు. "కుర్రాడు ఎలాంటివాడు సార్?" అనడిగాడు.

"అల్లరివాడండీ. ఇంట్లో అదుపు లేదు" అన్నాను. రెండు నిమిషాలు పట్టలేదు. రిజిస్టర్లలో మునిగిపోయాను.

కొన్నాళ్ళకు ఆ కుర్రవాడి తల్లి సంతలో ఎదురైంది. పిల్లవాణ్ణి హోముకు పంపారట. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నది: "బడిలో అయ్యవారు కూడా అట్టాగే చెప్పారంట గదయ్యా." నా ఒక్క మాటవల్లనే పంపారని నేననను. నివేదికలో ఇంకా ఏముందో నేను చూడలేదు. కాని ఆ తల్లి ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. ఆమె తెల్లవారుజామున కూలికి పోయి చీకటిపడ్డాక తిరిగివస్తుందని, ఆ ఇంట 'అదుపు' లేకపోవడానికి అర్థం అదేనని ఆ నివేదిక రాసినవాడికి తెలిసే దారి లేదు. నాకు తెలుసుకునే బుద్ధి లేదు.

మొదటి ఆయన పుణ్యాత్ముడు, రెండోవాడు పాపాత్ముడు అని తీర్పు చెప్పడం తేలిక. నేను చెప్పను. ఆ యువకుడి గొంతులో సిగ్గు వినబడింది. తాను చేస్తున్నది తప్పని అతడికి తెలుసు. తెలిసీ సరిగా చేయలేని చోట మనిషిని నిలబెట్టడమే అసలైన నేరం. జీతం, ప్రమాణం వేరువేరు విషయాలు కావని ఆ ఫోను పుణ్యమా అని నేను నేర్చుకున్నాను.

మా మిత్రుడు మళ్ళీ అనగలరు, "విదేశాల్లో ఈ పని స్వచ్ఛందంగానే మొదలైంది కదా" అని. నిజమే. 1841లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ ఆగస్టస్ అనే బూట్లు కుట్టే ఆయన ఒక తాగుబోతుకు జామీను ఉండి ఈ మార్గానికి ఆద్యుడయ్యాడు. ఇంగ్లండులో 1876లో ఫ్రెడరిక్ రెయినర్ అనే ముద్రాపకుడు ఒక మద్యనిషేధ సంస్థకు ఐదు షిల్లింగులు పంపి, కోర్టులకు వచ్చేవారికి ఏదైనా చేయమని కోరాడు. మహానుభావులు. కాని అక్కడివారు అక్కడే ఆగిపోలేదు. 1907లో చట్టం చేసుకున్నారు. ఐదేళ్ళు తిరగకుండా, 1912లో, ప్రొబేషన్ ఆఫీసర్లు తమ జాతీయ సంఘం పెట్టుకున్నారు. నాపో అని పిలిచే ఆ సంఘం నేటికీ ఉంది. అది వృత్తిసంఘమూ, కార్మికసంఘమూ కూడా. ఒక చేత్తో జీతం, ఒక చేత్తో ప్రమాణం పట్టుకుని నడుస్తోంది.

ఆ రెండో చెయ్యి విలువ 2014లో తెలిసింది. అక్కడి ప్రభుత్వం ప్రొబేషన్ వ్యవస్థను నిలువునా చీల్చి, ప్రమాదం ఎక్కువనుకున్నవారిని ప్రభుత్వ సేవ కింద ఉంచి, మిగిలినవారిని 21 కంపెనీలకు అప్పగించింది. వద్దని నాపో మొత్తుకుంది, సమ్మె చేసింది. వీళ్ళు ఉద్యోగాల కోసం ఏడుస్తున్నారన్నారు ప్రభువులు. తరువాత ఏమైంది? కొన్ని కంపెనీలలో ఆరువారాలకొక ఫోను పలకరింపే పర్యవేక్షణ అయిందని 2017లో తనిఖీ అధికారులే బయటపెట్టారు. (నా రెండు నిమిషాల ఫోను గుర్తుకొచ్చి చదువుతూ తల దించుకున్నాను.) చివరికి 2021 జూన్‌లో ప్రభుత్వమే చీల్చినదాన్ని మళ్ళీ కుట్టుకుంది. ఏడేళ్ళు వృథా. సంఘం మాట విని ఉంటే ఆ ఏడేళ్ళు మిగిలేవి.

ఇంతవరకు మిత్రుడికి చెప్పాను. ఇక సంఘాలవారికి. వారి పక్షాన మాట్లాడుతున్నాను కాబట్టి చనువు తీసుకుంటున్నాను.

అయ్యలారా, అమ్మలారా, నేనూ సంఘంలో పనిచేసినవాడినే. మంత్రిగారికి దండలు వేశాం, డైరీలు అచ్చువేశాం, వినతిపత్రాలు ఇచ్చాం. ఆ వినతిపత్రాలలో స్కేలు ఉండేది, ఇంక్రిమెంటు ఉండేది, బదిలీలు ఉండేవి. పిల్లవాడికి తెలుగు రావడం లేదనే వాక్యం ఒక్కటీ ఉండేది కాదు. అందుకే లోకం మమ్మల్ని నమ్మలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, నిజమే, అడగాలి. కాని అడిగే నోటితోనే ఇవ్వబోయేదేమిటో కూడా చెప్పాలి. ఒక్కొక్కరి మీద ఇంతకు మించి కేసులు పెట్టకూడదని అడగండి. ఖాళీలు భర్తీ చేయమని, కాంట్రాక్టువారికి నెలనెలా డబ్బులు ఇవ్వమని, ప్రయాణపు ఖర్చు ముందుగానే చేతిలో పెట్టమని అడగండి. పనిలో చేరకముందు శిక్షణ, చేరాక పెద్దవారి చేతికింద అభ్యాసం కావాలని అడగండి. ఆ పత్రంలోనే చివరగా ఒక వాక్యం మీరు మీకై రాసుకోండి: "ఇంటి గడప తొక్కకుండా మాలో ఎవరమూ నివేదిక మీద సంతకం చేయము." ఆ ఒక్క వాక్యం ఉన్ననాడు మీ జీతం మీ సొంత విషయం కాదు, ఊరందరి విషయమవుతుంది.

తిరిగి మిత్రుడి దగ్గరకు. అయ్యా, మన జైళ్ళలో ఉన్నవారిలో నూటికి డెబ్బై మందికి పైగా ఇంకా విచారణ ముగియనివారే. ఆ విచారణ ముగిసిన రోజున ఆ పడుచువాడు ఇంటికి వెళ్ళాలా, ఆరితేరినవారి మధ్యకు వెళ్ళాలా అనేది ఒక కాగితం మీద ఆధారపడవచ్చు. ఆ కాగితం రాసేవాడు మూడు మైళ్ళు నడిచి వచ్చినవాడై ఉండాలా, పెట్రోలు లేక ఫోను చేసినవాడై ఉండాలా? అది మీ పొలంలో మోటారు విప్పినవాడి సంగతే కావచ్చు. రేపు మీ మనుమడి సంగతీ కావచ్చు, దేవుడు ఆ రోజు రానీయకుండుగాక.

సేవ అనేది చేసేవాడు తన పనిని గురించి అనుకోవలసిన మాట. చేయించుకునేవాడు అనవలసిన మాట కాదు. వాడి నోట అది వెట్టి అవుతుంది.

రేపు సాయంత్రం అరుగు మీద ఈ మాటలే చెబుతాను. ఆ తల్లికి మాత్రం ఏమి చెప్పాలో ఎనిమిదేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను.

స్వస్తి.