వేడి తగ్గించే పార్టును సైలెన్సర్‌తో ఒకే గాటన కట్టొద్దు

కారుకు 'మోడిఫికేషన్' చేయించారనగానే మనకు గుర్తొచ్చేది చెవులు చిల్లులు పడేలా మోగే సైలెన్సరు, అర్ధరాత్రి ఖాళీ రోడ్ల మీద పందేలు. ఆ భయం ఊరికే పుట్టలేదు. పట్టుకున్న సైలెన్సర్లను విశాఖ పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించిన దృశ్యాలు చాలామంది చూసే ఉంటారు, ఆ చర్యను తప్పుపట్టడానికేమీ లేదు. కానీ ఆ కోపం అక్కడితో ఆగడం లేదు. కంపెనీ బిగించి ఇచ్చిన పార్టు తప్ప మరొకటి కారులో కనిపిస్తే చాలు, అది దేనికి పనికొస్తుందని అడగకుండానే నేరంగా చూడటం అలవాటైంది. టర్బో ఇంజిను ఉన్న కారుకు ఇంకాస్త మంచి ఇంటర్‌కూలర్‌ను యజమాని తన ఇంట్లో తానే బిగించుకుంటే, అది కూడా ఆ లెక్కలోకే పోతోంది. చప్పుడు పెంచని, పక్కవాడికి ఇబ్బంది కలిగించని, ఇంజిను వేడిని మాత్రం తగ్గించే పార్టు ఇది. దీన్ని నిషేధించే బదులు పరీక్షించి ముద్ర వేసి అనుమతించాలి, బిగించుకునే స్వేచ్ఛ యజమానికి వదిలేయాలి అన్నది నా వాదన.

ముందు ఈ పార్టు చేసే పనేమిటో చూద్దాం. సైకిల్ పంపుతో గట్టిగా గాలి కొడితే పంపు అడుగు భాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. టర్బోలో జరిగేదీ అదే. బయటి గాలి 30 డిగ్రీలుందనుకుందాం. టర్బో దాని పీడనాన్ని రెట్టింపు చేస్తే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం చొప్పున లెక్కవేసినా, అవతలికి వచ్చే గాలి 120 డిగ్రీలు దాటుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో ఇదే లెక్క వేస్తే 145 దగ్గర తేలుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ వేడికి పెట్రోలు స్పార్కు పడకముందో, మంట అందకముందో తనంతట తానే అంటుకుని ఇంజిను లోపల టకటకమని కొడుతుంది. మెకానిక్కులు 'నాకింగ్' అనేది దీన్నే. పిస్టన్లు దెబ్బతినేది దీనివల్లే. ఆ ముప్పు తప్పించడానికి కారులోని కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేసి, శక్తి తగ్గించి, ఇంజినును కాపాడుకుంటుంది. టర్బోకూ ఇంజినుకూ మధ్య నిలబడి ఈ వేడిని బయటి గాలికి అప్పగించేదే ఇంటర్‌కూలర్. 45 డిగ్రీల ఎండలో 70 శాతం సామర్థ్యం ఉన్న ఇంటర్‌కూలర్ ఆ 145 డిగ్రీల గాలిని 75 దాకా దించితే, 85 శాతం సామర్థ్యం ఉన్నది 60 దాకా దించుతుంది. నాకింగ్ అంచున పనిచేసే ఇంజినుకు ఆ 15 డిగ్రీలు చాలా పెద్ద తేడా.

మరి కంపెనీలే పెద్దది ఎందుకు పెట్టవన్నది సహజమైన ప్రశ్న. ఖర్చు, బరువు, బంపరు వెనక ఉన్న ఇరుకు చోటు అన్నీ చూసుకుని, సగటు వాడకానికి సరిపోయేది పెడతాయి. అమెరికాలో 2015 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ ఎకోబూస్ట్ ఇందుకు మంచి ఉదాహరణ. 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిను, 310 హార్స్‌పవర్. మామూలుగా ఆఫీసుకు వెళ్లి వచ్చేవారికి ఏ లోటూ కనిపించదు. టెక్సస్ ఎండలో వరసగా రెండు మూడుసార్లు గట్టిగా తొక్కితే మాత్రం చిన్న ఇంటర్‌కూలర్ వేడితో నిండిపోతుంది, కంప్యూటరు శక్తి కోసేస్తుంది. అందుకే ఆ కారు కొన్నవాళ్లలో ఓపిక ఉన్నవారు మొదట మార్చేది దీన్నే. మారుస్తున్నది కూడా చాలావరకు ఇంట్లోనే.

ఇంటి పని అనగానే గునపంతో గోడ పగలగొట్టినట్టు ఊహించుకోనక్కర్లేదు. మస్టాంగ్‌లో ఇంటర్‌కూలర్ ముందు భాగంలో బాగా కిందకి ఉంటుంది. కారును జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టి, కింద ఉన్న ప్లాస్టిక్ కవరు విప్పితే చేతికి అందుతుంది. రెండు పక్కల గొట్టాల క్లాంపులు, పట్టి ఉంచే బోల్టులు, గాలి పీడనాన్ని కొలిచే సెన్సరు, ఇంతే. శ్రద్ధ పెట్టాల్సింది చిన్నచిన్న చోట్ల. పాత గొట్టం లోపల టర్బో నుంచి వచ్చిన నూనె పొర పలచగా అంటుకుని ఉంటుంది. దాన్ని శుభ్రంగా తుడవకుండా కొత్త ఇంటర్‌కూలర్ మూతికి తొడిగి క్లాంపు ఎంత బిగించినా, పూర్తి పీడనం వచ్చిన రోజు గొట్టం జారి ఊడిపోతుంది. సెన్సరు చుట్టూ ఉండే రబ్బరు రింగు మెలిపడితే గాలి లీకవుతుంది. బిగింపు అయ్యాక గొట్టాల్లోకి కొద్దిపాటి గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. షెడ్డులో తొందర పనిగా సాగే మరమ్మతులో ఈ చివరి పరీక్ష ఎందరు చేస్తారో చెప్పడం కష్టం. తన కారు కాబట్టి యజమాని చేస్తాడు. ఇంట్లో చేసుకోవడాన్ని నేను సమర్థించడానికి డబ్బు ఆదా కంటే బలమైన కారణం అదే.

అలాగని పెద్దదల్లా మంచిదనుకుంటే పొరపాటు. ఇందుకు సాక్ష్యం అదే ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150 ట్రక్కులో ఉంది. టర్బో ఇంజినుతో వచ్చిన ఆ ట్రక్కులు గట్టిగా తొక్కినప్పుడు ఒక్కసారిగా శక్తి కోల్పోతున్నాయన్న ఫిర్యాదుల మీద 2013లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ దర్యాప్తు మొదలుపెట్టింది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో ఇంటర్‌కూలర్ లోపల నీరు చేరి, అది ఇంజినులోకి వెళ్లడం కారణంగా తేలింది. సర్వీసు కేంద్రాలకు ఫోర్డ్ ఇచ్చిన సూచనల్లో, ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలిని కొంత అడ్డుకునే పలక బిగించడం కూడా ఉంది. అంటే చల్లబరచడం అవసరానికి మించినా చిక్కే. కాకినాడ, విశాఖ వంటి తీరప్రాంత ఊళ్లలో తేమ సంగతి తెలిసిందే కాబట్టి ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. మరో చిక్కు, ఇంటర్‌కూలర్ మరీ మందంగా ఉండి రేడియేటరు ముందు అడ్డంగా నిలబడితే దానికి తగలాల్సిన గాలి తగ్గిపోతుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఆగిన కారుకు అది ప్రమాదమే. నాసిరకం పార్టులో అయితే గాలి దారి ఇరుకై పీడనం పడిపోతుంది, టర్బో మరింత కష్టపడాలి. కాబట్టి ఏది పడితే అది బిగించుకోనివ్వమని నేను అనడం లేదు. ఏది మంచిదో తేల్చి చెప్పే వ్యవస్థ మనకు లేదన్నదే నా బాధ.

మన చట్టం ఏమంటోందో చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చంటోంది. ఆర్సీ తిరగేస్తే ఇంజిను నంబరు, ఇంధనం, సీసీ, సీట్లు, బరువు, రంగు ఉంటాయి. ఇంటర్‌కూలర్ ఊసు ఉండదు. అయినా ఫలానా పార్టుకు అనుమతి ఉందని చూపించే కాగితం ఏదీ యజమాని చేతిలో ఉండదు. అది నేరమా కాదా అన్నది ఆ రోజు రోడ్డు మీద ఆపిన అధికారి అభిప్రాయం మీద, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఉదారత మీద ఆధారపడుతుంది. పౌరుడు ఏది చేయొచ్చో ముందుగా తెలుసుకునే వీలు లేని చట్టం నిజాయితీపరుడిని భయపెడుతుంది, లెక్కలేనివాడిని ఏమీ చేయలేదు.

ఇదే సంగతిని కాలిఫోర్నియా వేరే దారిలో తేల్చుకుంది. వాయు కాలుష్యం విషయంలో అమెరికాలోనే అత్యంత కఠినమైన రాష్ట్రం అది. అక్కడి వాయు వనరుల బోర్డు, కాలుష్యం మీద ప్రభావం చూపగల బయటి పార్టులను పరీక్షించి, నెగ్గినవాటికి ఒక ఉత్తర్వు నంబరు ఇస్తుంది. ఆ నంబరు స్టిక్కరు రూపంలో ఇంజిను దగ్గర అతికించుకుంటే పొగ తనిఖీలో ఇన్‌స్పెక్టరు దాన్ని చూసి సరిపోల్చుకుంటాడు. ఎవరు బిగించారన్నది అక్కడ ప్రశ్నే కాదు, ఏది బిగించారన్నదే ప్రశ్న. వారంటీ విషయంలోనూ 1975 నాటి ఫెడరల్ చట్టం ఒకటి వినియోగదారుడికి అండగా ఉంది. బయటి పార్టు వాడారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ మొత్తాన్ని ఎగ్గొట్టే వీలు లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. కారు వేగం పెరిగితే రోడ్డు మీద ప్రాణాలు పోవా అని అడగొచ్చు. కంప్యూటరు సాఫ్ట్‌వేరును ముట్టుకోనంతవరకు ఇంటర్‌కూలర్ చేసే ప్రధానమైన పని, ఎండలో కోల్పోతున్న శక్తిని తిరిగివ్వడమే. చలికాలం ఉదయం అదే కారు ఎలా నడుస్తుందో మే నెలలోనూ దాదాపు అలా నడుస్తుంది. మితిమీరిన వేగానికి 183వ సెక్షన్, రోడ్డు మీద పందేలకు 189వ సెక్షన్ ఇప్పటికే ఉన్నాయి. వాటిని గట్టిగా అమలు చేయమనే నేనూ అంటాను. సాఫ్ట్‌వేరు మార్చి శక్తి పెంచడం వేరే సంగతి. బ్రేకులు, టైర్లు, గేరుబాక్సు దాకా వెళ్లే ఆ మార్పును ఇంట్లో ల్యాప్‌టాప్‌తో చేసుకోవడానికి నేను ఒప్పుకోను. కాలుష్యం పెరుగుతుందన్నది మరో అభ్యంతరం. గాలిని చల్లబరిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, డీజిల్ లారీలకు ఇంటర్‌కూలర్లు పెట్టడానికి అదీ ఒక కారణం. అయినా నా మాట మీద నమ్మమనడం లేదు, పరీక్షించి చూడమంటున్నాను.

ఇంట్లో బిగించుకోవడం ప్రమాదం కాదా అన్న ప్రశ్నలో నిజం ఉంది. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందకు దూరితే ప్రాణం పోతుంది, అందులో రాజీ లేదు. కొన్ని కార్లలో అసలు ఇది ఇంటి పనే కాదు. ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐలో ఇంటర్‌కూలర్ నీళ్లతో చల్లబడే రకం, పైగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే కలిసి ఉంటుంది. దాన్ని విప్పి మరొకటి తగిలించడం యజమాని చేతుల్లో అయ్యే పని కాదు. బంపరు వెనకాల గుద్దుకున్నప్పుడు దెబ్బ తట్టుకోవడానికి పెట్టిన బీమును కోస్తే తప్ప కుదరని కిట్లు కొన్ని దొరుకుతాయి. వాటిని పూర్తిగా నిషేధించాల్సిందే. ఎయిర్‌బ్యాగు సెన్సరును కదిలించేవి, ఏసీ గ్యాసు ఖాళీ చేస్తే తప్ప బిగించలేనివి ఇంటి పనుల జాబితాలో ఉండకూడదు. ఈ గీతలు గీయడం కష్టమేమీ కాదు. గీసినవాళ్లు లేరు, అంతే.

గీసే అధికారం మాత్రం చేతిలోనే ఉంది. 2019 సవరణ 52వ సెక్షన్‌లో ఒక నిబంధన చేర్చింది. వాహనాల మార్పులకు ప్రమాణాలు, అనుమతి షరతులు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చని, అలా అనుమతించిన మార్పుల కారణంగా తయారీదారు వారంటీ రద్దయినట్టు పరిగణించరాదని అందులో ఉంది. పరీక్షించే సంస్థలూ మనకున్నాయి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు సీఎన్‌జీ కిట్లను పరీక్షించి ధ్రువపత్రాలిస్తున్నాయి. 200 బార్ల పీడనంతో గ్యాసు నింపిన సిలిండరును డిక్కీలో పెట్టుకోవడానికి ఒక పద్ధతి ఏర్పరచుకున్న దేశం, ఒకటి రెండు బార్ల గాలి మాత్రమే వెళ్లే అల్యూమినియం పెట్టెకు ఆ పని చేయలేదా? కేంద్ర రవాణా శాఖ ఇంటర్‌కూలర్లతో మొదలుపెట్టి, కారు మోడల్ వారీగా నెగ్గిన పార్టుల జాబితా, వాటి మీద నంబరు, ఆ నంబరును ఆర్సీలోనూ బీమా పాలసీలోనూ నమోదు చేసుకునే వీలు కల్పించాలి. అప్పటిదాకా మార్పు చేసుకునేవారు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, పాత ఇంటర్‌కూలర్‌ను పారేయకుండా భద్రంగా ఉంచుకోవాలి.