మంగళవారం ఎవరి వంతు?

మా పట్నంలో పెద్దాసుపత్రి గేటుకెదురుగా, మందుల షాపుల వరస అయిపోయాక ఒక రేకుల షెడ్డుంది. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి అక్కడ అన్నం పెడతారు. రోగికి లోపల మంచం దగ్గరికే భోజనం వస్తుంది. ఇది రోగి వెంట వచ్చినవాళ్ల కోసం. భర్త కాలు విరిగితే పొలం వదిలి వచ్చిన ఆవిడ, కూతురి కాన్పుకి వచ్చి వారమైనా కదల్లేని తల్లి, స్కానింగు రేపన్నారని, ఊరెళ్లి రావడానికి చార్జీలు లెక్కేసుకుని వరండాలోనే దుప్పటి పరుచుకున్న ముసలాయన. ఆసుపత్రి కాగితాల్లో వీళ్లెక్కడా ఉండరు. ఆకలి మాత్రం వీళ్లకీ వేళకే అవుతుంది.

షెడ్డు నడిపే సంఘానికి బోర్డు చిన్నది, మనుషులు ఇంకా తక్కువ. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన, ఒక టైలరు, పొద్దున్నే ఇడ్లీ బండి నడిపి పదింటికల్లా వడ్డనకొచ్చే ఆవిడ, ఇంకో నలుగురు. వాళ్ల దగ్గర రెండు పుస్తకాలున్నాయి. ఒకటి చందాల పుస్తకం. రెండోది వంతుల పుస్తకం: ఏ రోజు ఎవరొచ్చి కూరలు తరుగుతారు, ఎవరు వడ్డిస్తారు, ఎవరు గుండిగలు తోముతారు అని. రెండూ పక్కపక్కన పెట్టి తిరగేస్తే మన పట్నం మనసు ఎలాంటిదో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

చందాల పుస్తకంలో ఆదివారాలన్నీ నిండి ఉంటాయి. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దవాళ్ల వర్ధంతులు, కార్తీకమాసం మొత్తం. జనవరి ఒకటో తారీకున మూడు కుటుంబాలు మేమంటే మేమని పట్టుబట్టాయి. ఎవర్నీ కాదనలేక ముగ్గురి తరఫునా వండించారు. సాయంత్రానికి గుండిగెడు పులిహోర ఆవుల పాలైంది. రెండో తారీకున ఒక్క చందా లేదు. కండక్టరుగారు కిరాణా కొట్లో అప్పు రాయించి పప్పన్నం పెట్టారు. ఆషాఢం ఖాళీ, మంగళవారాలు ఖాళీ. మంగళవారం మనం శుభకార్యాలు పెట్టుకోం. జబ్బుకి ఆ పట్టింపు లేదు.

వంతుల పుస్తకంలో ఏ పేజీ తిప్పినా అవే ఏడు పేర్లు.

మన పట్నం అంటున్నాను గనక నా సంగతీ చెప్పాలి. నా పేరు మొదటి పుస్తకంలో నాలుగు చోట్ల ఉంది. రెండోదాంట్లో ఒక్కచోట, అదీ కొట్టేసి ఉంది. ఆ రోజు జ్వరమని కబురు చేశాను. జ్వరం లేదు.

అన్నం పెట్టడం అనగానే గుర్తొచ్చే డొక్కా సీతమ్మగారి పేరు గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లుండరు. 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, అడిగినవాళ్లకల్లా బువ్వ పెట్టి ‘బువ్వన్న’గా పేరుపడ్డ మనిషి. పెళ్లయి ఆవిడ లంకల గన్నవరం వచ్చారు. చుట్టూ గోదావరి పాయలు. రేవు దాటాల్సినవాళ్లకి పడవ ఎప్పుడు దొరికితే అప్పుడే ప్రయాణం. వేళకాని వేళ తలుపు తట్టినా ఆ ఇంట్లో పొయ్యి రాజేసేవారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి 1903లో ఢిల్లీలో దర్బారు జరిగితే పిలుపొచ్చినా వెళ్లలేదనీ, ఎంతో బతిమాలాక ఫొటోకి ఒప్పుకున్నారనీ, ఆ ఫొటోని దర్బారులో కుర్చీ వేసి కూర్చోబెట్టారనీ చెప్పుకుంటాం. 1909లో పోయారు. వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించే అక్విడక్టుకి ఆమె పేరు పెట్టుకున్నాం. 2024 నుంచి బళ్లో పిల్లల మధ్యాహ్న భోజనం కూడా ఆమె పేరు మీదే. మంచిదే.

కానీ ఊళ్లో ఆ దర్బారు కుర్చీ కథ చెప్పినంత ఇష్టంగా ఇంకో కథ చెప్పరు. ఎన్నాళ్లకో వీలు చిక్కి ఆవిడ అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఆగినచోట ఒక పెళ్లి బృందం మాటలు చెవినపడ్డాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ఇంకాస్త ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మగారింటికి చేరిపోతాం అని పెద్దవాళ్లు వాళ్లని ఊరడిస్తున్నారు. ఆవిడ అక్కణ్ణించే వెనక్కి తిరిగారు. వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు.

త్యాగం గురించి చెప్పడానికి ఈ కథ చెబుతారు. నాకు ఇందులో వేరే సంగతి గుచ్చుకుంటుంది. ఆవిడ వెనక్కి రాకపోతే ఆ పూట ఆ పిల్లలకి అన్నం ఉండేది కాదు. అన్ని ఇళ్లుండీ, అన్ని పొయ్యిలుండీ, దారినపోయేవాళ్ల ఆకలి ఒక్క గుమ్మం మీదే వచ్చి పడింది. ఆస్తి కరిగిపోతున్నా ఆవిడ ఆపలేదు, అది ఆవిడ గొప్పతనం. మిగతా ఇళ్లవాళ్లేం చేస్తున్నారని మాత్రం ఎవరూ అడగరు. నూరేళ్ల కిందటి ఊరిని పట్టుకుని ఇప్పుడు అడగడం అన్యాయమేమో కూడా. మన పట్నాన్ని అడగొచ్చు కదా. ఆ షెడ్డు విషయంలో మనమే ఆ మిగతా ఇళ్లవాళ్లం. కండక్టరుగారిని చూసి చేతులు జోడిస్తాం, ‘మీలాంటివాళ్లుండబట్టే వానలు కురుస్తున్నాయండీ’ అంటాం, బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోతాం. ఆ దండం మనకి చౌకగా వస్తోంది.

పెద్ద దానాలు మనకి బాగా గుర్తుంటాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై దళిత కుటుంబాలు వినోబా భావేని ఎనభై ఎకరాల భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. ఆ ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. అదే వినోబా తర్వాత సర్వోదయ పాత్ర అని ఇంకోటి చెప్పారు. ఇంటికొక కుండ, రోజూ అందులో పిడికెడు గింజలు. వేసేది ఇంట్లో చిన్నపిల్లల చెయ్యి అయివుండాలన్నారు. పెద్దవాళ్ల పిడికిట్లో ఎక్కువ పడతాయి కదా అనుకుంటాం. ఇవ్వడం అలవాటు కావాల్సింది పిల్లలకి గనక అలా చెప్పారు. నూరెకరాలు పాఠ్యపుస్తకాల్లోకెక్కాయి. కుండ ఎవరికి గుర్తుంది?

నిజానికి వినోబా చెప్పకముందే మన ఇళ్లల్లో ఆ పని ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేది మా అమ్మమ్మ. షెడ్డులో రోజుకి ఇరవై అయిదు కిలోల బస్తా ఒకటి వండుతారు. రెండొందల మంది తింటారు. పిడికిలికి యాభై గ్రాములనుకోండి, అయిదొందల ఇళ్లు పిడికెడు చొప్పున తీస్తే బస్తా నిండుతుంది. మన పట్నంలో అంతకన్నా ఎక్కువ ఇళ్లు ఒక్క వార్డులోనే ఉన్నాయి. డబ్బాల్లో పోగైన బియ్యం వారానికోసారి వీధి చివరికి తెచ్చి బస్తాలో పోసే మనిషొకరు కావాలి, అంతే. ఈ లెక్క కండక్టరుగారు నాకు బస్సు టిక్కెట్టు వెనక వేసి చూపించారు. చూపించి రెండేళ్లయింది.

డెల్టాలో వ్యవసాయం ఎరిగినవాళ్లకి వంతంటే చెప్పక్కర్లేదు. దాళ్వా పంటకి కాలువ నీళ్లు చాలకపోతే వంతులు పెడతారు. నీ వంతు రాత్రి రెండింటికొస్తే రెండింటికే లైటు పట్టుకుని గట్టెక్కాలి. వంతు కాకుండా తూమెత్తితే శివారు చేలు ఎండుతాయి. గట్ల మీద తగువులాడుకున్నాం, తలలు పగలగొట్టుకున్నాం కూడా. అసలు వంతే వద్దని మాత్రం ఏ రైతూ అనలేదు. రాత్రి లేచి గట్టు మీదికెళ్లినవాడికి ఎవరూ శాలువా కప్పలేదు. ఒకే నీళ్లు తాగే చేలు గనక అందరూ లేవాలి, అందుకే లేచేవారు. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చున్నవాళ్లు మన శివారు. వాళ్లదాకా నీళ్లు వెళ్లట్లేదంటే పైన ఎవరో పడుకున్నారని లెక్క.

ఇచ్చే తీరు గురించి ఒక మాట. కిందటేడు ఒక పుట్టినరోజు భోజనానికి నేనూ వెళ్లాను. ఫ్లెక్సీ కట్టారు, పిల్లాడి చేత మొదటి పళ్లెం ఇప్పించారు, ఫోన్లు పైకి లేచాయి. వరసలో ముందున్న ఆవిడ పళ్లెం అందుకోకుండా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ‘అమ్మా, కాస్త ఇటు చూడమ్మా’ అని రెండుసార్లు అడిగారు. ఆవిడ వరస వదిలేసి వెళ్లి పంపు దగ్గర నీళ్లు తాగి కూర్చుంది. ఊళ్లో ఆవిడకి చుట్టాలుంటారు, పిల్లకి సంబంధాలు చూస్తూ ఉండొచ్చు. అన్నం కోసం చెయ్యి చాపిన ఫొటో ఏ గ్రూపులో తిరుగుతుందో ఎవరికి తెలుసు? ఇడ్లీ ఆవిడ తర్వాత ఒక పళ్లెం తీసుకెళ్లి ఏమీ మాట్లాడకుండా ఆవిడ పక్కన పెట్టి వచ్చేసింది. వేడుక మీది, ఫొటో మీ పిల్లాడిది తీసుకోండి, కేకుతో తీసుకోండి. తినేవాళ్ల మొహాల మీద మన పుణ్యం లెక్క రాయకండి.

చందా అనగానే ‘ఈ సంఘాలన్నీ తినేవేలే’ అనే గొంతు ఒకటి వినపడుతుంది. ఒక సంఘం లెక్క చూపకుండానే మూతపడ్డ సంగతి మన పట్నంలో అందరికీ తెలుసు, ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. అందుకే ఈ షెడ్డు గోడకి నెలనెలా లెక్క అంటిస్తారు: బియ్యం, గ్యాసు బండలు, నూనె, వచ్చింది, అయింది, కొట్లో బాకీ. చందా రెండు వేలు దాటితే బ్యాంకులో వెయ్యమంటారు, నగదైతే పన్ను మినహాయింపు రాదు గనక. ఒకరోజు గంటసేపు నిలబడి చూశాను. అన్నం తిని చెయ్యి కడుక్కున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆ కాగితం కూడబలుక్కుని చదివారు. కార్లో వచ్చి కవరిచ్చినాయన ఆగలేదు. అనుమానమున్నవాళ్లు వచ్చి చదవండి, అడగండి, కావాలంటే కొట్టు దగ్గరికెళ్లి బాకీ నిజమో కాదో కనుక్కోండి. అడగడానికి కూడా రాకుండా ఇంట్లో కూర్చుని అనుమానించడం మాత్రం ఖర్చు తప్పించుకునే దారి.

ఇది ప్రభుత్వం చెయ్యాల్సిన పని కదా అంటారా, చెయ్యాలి, అడుగుదాం. అయిదు రూపాయల అన్న క్యాంటీన్లు 2018లో తెరుచుకుని, మరుసటేడు మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకోవడం చూశాం. ఎన్నికతో ఆరిపోని పొయ్యి కూడా ఒకటి ఊరికి ఉండాలని నాకనిపిస్తుంది. దానికి కట్టెలు మోసేది మనమే.

డబ్బున్నవాళ్లు డబ్బివ్వండి, కానీ తేదీ మీరు ఎంచకండి. ‘మీకు ఏ రోజు ఖాళీగా ఉంటే ఆ రోజుకి వాడండి’ అని ఇవ్వండి. కండక్టరుగారు ఆ మాట కోసం ఎంత ఎదురుచూస్తారో ఆయన మొహం చూస్తే తెలుస్తుంది. డబ్బు లేనివాళ్లకి రెండో పుస్తకం ఉంది. ఉన్నవాళ్లకీ ఉంది. రెండొందల మందికి కూర ఒక్కరు తరిగితే రెండు గంటలు, నలుగురు కూర్చుంటే కబుర్లలోనే అయిపోతుంది.

వచ్చే నెలలో నాలుగు మంగళవారాలున్నాయి. మొదటిదాంట్లో నా పేరు మళ్లీ రాశాను. మిగతా మూడు గళ్లూ ఖాళీ. పొద్దున్న ఎనిమిదింటికల్లా రావాలి. షెడ్డులో కత్తిపీటలు రెండే, అందులో ఒకటి మొద్దు. మీది తెచ్చుకోండి.