గాలి లేని ఉప్పెన

గోదావరి సీమవారికి ఉప్పెన యనఁగానే గాలివాన స్ఫురించును. 1789లోను 1839లోను కోరంగి రేవును ముంచినవి తుపాను ఉప్పెనలే. కావున మనవారు మబ్బును, గాలిని జూచి సముద్రమును శంకింప నేర్చిరి. ఆ నేర్పు మంచిదే కాని చాలదని నా యభిప్రాయము. 2004 డిసెంబరు 26, ఆదివారము, పౌర్ణమినాఁడు తుపాను లేదు. మచిలీపట్నమునొద్ద మంగినపూడిలో జనులు పుణ్యస్నానములు చేయుచుండిరి. తొమ్మిదిగంటల ప్రాంతమున సముద్రము పొంగి ఆంధ్రతీరమున నూరుమందికిఁ బైగా బలిగొనెను.

దీని కారణము ఆకాశమున లేదు. సుమత్రా దీవికడ సముద్రగర్భమునఁ గలదు. భూమి పైపొర ఒక్క పెంకు గాదు. పెద్ద పలకలుగాఁ బగిలియున్నది. రాజమహేంద్రవరము, కోనసీమ, బంగాళాఖాతపు అడుగు ఒక్క పలకమీఁదనే యున్నవి. మనము నిలిచిన యీ పలకయే యేఁటికిఁ గొన్ని సెంటీమీటర్లు ఈశాన్యముగా జరుగుచు, అండమాను, సుమత్రాల పడమట మఱియొక పలక క్రిందికి దూఱుచున్నది. ఏల దూఱవలెను? సముద్రపు అడుగుశిల పుట్టినప్పుడు వేఁడిది. కోట్ల యేండ్లు నీటిక్రిందఁ జల్లాఱి బరువెక్కి, ప్రావారమను లోపలి శిలలోనికిఁ గ్రుంగును. ప్రావారము ద్రవమని బాలురు పరీక్షలలో వ్రాయుచుందురు. అది ఘనశిలయే; వేఁడిమిచే మిక్కిలి మెల్లఁగా సాగునది. ఖండముల శిల తేలిక గనుక అట్లు మునుఁగదు. ఉత్తరమున హిందూదేశము ఆసియాను ఢీకొని హిమాలయములను లేపుటకు హేతు వదియే. క్రుంగిన పలకనుండి వెలువడు నీటివలన పైనున్న వేఁడిశిల కరఁగును. అండమానులోని బారెన్ దీవి అగ్నిపర్వతము దాని ఫలము.

ఈ దూఱుట నున్నఁగా సాగదు. రెండు పలకలును పట్టుకొని నిలిచిపోవును. పైపలక యంచు విల్లువలె వంగును. శతాబ్దములకుఁ బట్టు తప్పి విదలించుకొనును. 2004లో దాదాపు 1300 కిలోమీటర్ల పొడవున నట్లయ్యెను. పైనున్న నీరంతయు లేచి, ఇంచుమించు రెండున్నర గంటలలో మన తీరముఁ జేరెను. 1881 డిసెంబరు 31న నికోబారుకడ నిట్టిదే జరిగెను గాని, మదరాసునకు వచ్చిన యలలు చిన్నవగుటచే జనులు మఱచిరి.

రెండున్నర గంటలు! ఊరంతయు మెరకకుఁ బోవుటకుఁ జాలిన కాలము. హైదరాబాదులో 2007నుండి హెచ్చరిక కేంద్ర మున్నది, సంతోషమే. కాని ఉప్పాడ, అంతర్వేది తీరములలో ఆ హెచ్చరిక యర్థమేమో యెఱిఁగిన పిల్లవాఁడు ఇంటికొకఁడైనను ఉండవలదా? అదే దినమున థాయిలాండు తీరమున నున్న టిల్లీ స్మిత్ అను పదియేండ్ల ఆంగ్లబాలిక, కొలఁదివారముల ముందు తరగతిలో విన్న భూగోళపాఠమును స్మరించి, నీటి చిహ్నములను గుర్తించి తలిదండ్రులకుఁ జెప్పఁగా నూరుమందివఱకు బ్రదికిరి. మన తరగతులలో సునామి జపానువారి సంగతియై, రెండు మార్కుల ప్రశ్నయై ముగియుచున్నది.

పిల్లలు జడిసికొందురని కొందఱు తల్లులందురు. తుపాను కథలు ఊయెలనాఁటినుండి చెప్పుచునే యున్నారు గదా! బంగాళాఖాతపు పటము గోడకుఁ దగిలించి, యేటేట డిసెంబరులో నొక గంట యీ పాఠమునకిత్తురుగాక. సముద్రము అకారణముగా వెనుకకుఁ దీసినచో చేపలకై పరుగెత్తరాదనియు, మొదటి యల పోయినంతనే యిల్లు చేరరాదనియు, తఱచుగా తరువాతి యలయే పెద్దదనియు ఆ గంటలో నేర్పవలెను.