విరూపణ్ణ గోడ, వర్సిటీ బిల్లు

హిందూపురంలో బస్సెక్కితే కాసేపట్లో లేపాక్షి వీరభద్రస్వామి గుడి ముందు దిగొచ్చు. నందిని, వేలాడే స్తంభాన్ని చూపించాక గైడు చివర్లో ఒక గోడ దగ్గరికి తీసుకెళ్తాడు. రాతి మీద రెండు ఎర్రటి మరకలు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ ఖజానా చూసిన విరూపణ్ణ రాజుగారి అనుమతి లేకుండా గుడికి డబ్బు ఖర్చు పెట్టాడని, శిక్ష పడకముందే తన కళ్లు తానే పీకి ఆ గోడకేసి కొట్టాడని కథ. లేపాక్షి పేరు అలా వచ్చిందనేవాళ్లు కొందరు. కాదు, రాముడు జటాయువును 'లే పక్షీ' అన్నాడు కాబట్టి వచ్చిందనేవాళ్లు మరికొందరు. పేరు సంగతి ఎలా ఉన్నా పక్కనే కల్యాణమంటపం సగంలో ఆగిపోయి ఉంది. స్తంభాలు లేచాయి, పైకప్పు పడలేదు.

ఈ కథ విన్నవాళ్లు విరూపణ్ణ గురించే ఆలోచిస్తారు. మంటపం ఆగిపోయిన రోజున శిల్పులకు రావాల్సిన కూలి బాకీ ఏమైందని అడిగినవాళ్లు తక్కువ.

విశ్వవిద్యాలయాల అకౌంట్స్ విభాగంలో ఈనాటికీ ఆ గోడ నీడ ఉంది. అనుమతి లేకుండా చెల్లిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, రికవరీ వస్తుంది, రిటైరయ్యే రోజున పెన్షన్ కాగితాలకు అడ్డం పడుతుంది. చెల్లించకుండా మూడు నెలలు ఆపితే మాత్రం ఎవరికీ ఏమీ కాదు. ఫైలు మీద సంతకం పెట్టేవాడికి తప్పుగా ఇవ్వడమే ప్రమాదం, ఆలస్యంగా ఇవ్వడం కాదు. బయటివాళ్లను పనిలోకి తీసుకునే పద్ధతి మొత్తం ఈ ఒక్క భయం చుట్టూ అల్లుకుంది.

బయటివాళ్లంటే ఎవరు? వరండాలు ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర గార్డులు, హాస్టల్ మెస్సులో వంటవాళ్లు, జనరేటర్ మెకానిక్, ఫలితాల సాఫ్ట్‌వేర్ చూసే కంపెనీ, స్నాతకోత్సవానికి షామియానా వేసేవాడు, వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, గంటల లెక్కన పాఠం చెప్పే గెస్ట్ లెక్చరర్. వీళ్లలో ఒక్కరు ఒకరోజు రాకపోయినా క్యాంపస్‌కు తెలిసిపోతుంది. జీతాల రిజిస్టరులో మాత్రం వీళ్ల పేర్లు ఉండవు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ కాలేజీలకు పెద్ద దిక్కు 1981లో విశ్వవిద్యాలయమైన అనంతపురం శ్రీకృష్ణదేవరాయ. 2022 ఏప్రిల్ 4న ఈ మూడు ఊళ్లూ శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాయి, వర్సిటీ పాత జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లా మారింది కానీ ఫైలు దారి మారలేదు. వాల్యుయేషన్‌కు వెళ్లే లెక్చరరైనా, అఫిలియేషన్ పని మీద వెళ్లే గుమాస్తా అయినా అనంతపురం బస్సే ఎక్కాలి.

ఏ వర్సిటీలోనైనా హౌస్‌కీపింగ్ బిల్లును దగ్గర నుంచి చూస్తే బొత్తిగా సంబంధం లేని కాగితాలన్నీ ఒక్క ట్యాగు దారానికి వేలాడుతుంటాయి. పైన ఏజెన్సీ ఇన్‌వాయిస్. కింద హాజరు పట్టీ, పోయిన నెల పీఎఫ్ కట్టిన చలానా, ఈఎస్ఐ చలానా, జీఎస్టీ రిటర్ను. అన్నిటికన్నా కింద, పని తృప్తికరంగా జరిగిందని విభాగాధిపతులు ఇచ్చిన సర్టిఫికెట్లు. పది విభాగాలుంటే పది సంతకాలు. అందులో ఒకాయన సెమినార్‌కని ఊరెళ్తే కట్ట అక్కడే ఆగుతుంది. అన్నీ దొరికాక సెక్షన్ గుమాస్తా, సూపరింటెండెంట్, అసిస్టెంట్ రిజిస్ట్రార్, ఫైనాన్స్ ఆఫీసర్, ఆడిట్. ఆడిట్‌లో ఒక కొర్రీ పడితే వెనక్కి, మళ్లీ ముందుకి. కొర్రీ చాలాసార్లు చిన్నదే: హాజరు పట్టీలో ముప్పై రోజులు, ఇన్‌వాయిస్‌లో ముప్పై ఒకటి. ఆ ఒక్క రోజు తేల్చడానికి పదిహేను రోజులు.

ఇప్పుడు లెక్క. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో అవుట్‌సోర్సింగ్ వేతనాలు సవరించినప్పుడు మూడో కేటగిరీకి నెలకు 15,000 రూపాయలు ఖరారు చేసింది. దాన్నే వేతనంగా తీసుకుందాం. కార్మికురాలి వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, 113. చేతికి 13,087. యజమాని వాటాగా పీఎఫ్, దాని ఖర్చులతో కలిపి 13 శాతం, 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, 488. మొత్తం 17,438. దానిమీద 18 శాతం జీఎస్టీ 3,139. ఆమె పేరు మీద వర్సిటీ పెట్టే ఖర్చు 20,577 రూపాయలు.

ఈ జీఎస్టీలో ఒక తమాషా ఉంది. జీఎస్టీ కింద నమోదైన ఏజెన్సీ ఇంటర్ దాకా చదువు చెప్పే సంస్థలో వరండా ఊడిస్తే ఆ సేవకు పన్ను మినహాయింపు ఉంది. అదే ఏజెన్సీ, అదే చీపురు, యూనివర్సిటీ వరండా ఊడిస్తే 18 శాతం. పరీక్షల నిర్వహణ సేవలకు మాత్రం వర్సిటీలకూ మినహాయింపే. కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాబట్టుకునే దారి వర్సిటీకి లేదు, ఎందుకంటే విద్యార్థి ఫీజు మీద అది జీఎస్టీ వసూలు చేయదు.

పై లెక్కలో ఏజెన్సీ సంపాదన ఏదీ అని అడగాలి. వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, పన్ను అన్నీ ఎవరికైనా ఒకటే కాబట్టి పోటీ అంతా సర్వీస్ చార్జి మీదే. అదెంత కిందికి దిగిందంటే, సున్నా రాసిన టెండరును లెక్కలోకి తీసుకోవద్దని 2014 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పాల్సి వచ్చింది. ఏజెన్సీలు తెలివైనవి. సున్నా వద్దన్నారు కాబట్టి 0.01 శాతం రాయడం మొదలుపెట్టాయి. 17,438 మీద 0.01 శాతం అంటే ఒక రూపాయి డెబ్బై నాలుగు పైసలు. వందమందిని పెడితే నెలకు 174 రూపాయలు. హిందూపురంలో నలుగురు కూర్చుని టిఫిను, కాఫీ కానిస్తే అయిపోయే డబ్బు.

అటువైపు చూస్తే, వందమంది నెల ఖర్చు 20 లక్షల 57 వేల పైచిలుకు. టెండరు పత్రాల్లో తరచూ కనిపించే షరతు ఒకటుంది: సంస్థ నుంచి బిల్లు వచ్చినా రాకున్నా కాంట్రాక్టరు ప్రతినెలా జీతాలు ఇచ్చి తీరాలి. బిల్లు ఒక్క నెల ఆలస్యమైతే నూటికి రూపాయి వడ్డీ లెక్కన కూడా 20 వేల పైన. 174 రూపాయల కోసం ఇరవై వేలు పోగొట్టుకునే వ్యాపారి రాయలసీమలో ఇంకా పుట్టలేదు. కాబట్టి ఆ డబ్బు ఇంకెక్కడి నుంచో వస్తుంది. ఉద్యోగం ఇప్పించినందుకు ముందే పుచ్చుకున్న మొత్తం నుంచి రావచ్చు, ఎనభైమందితో వందమంది పని చేయించడం నుంచి రావచ్చు, జీతం పడిన రోజునే వెనక్కి అడిగి తీసుకునే వెయ్యి రెండు వేల నుంచి రావచ్చు. అన్ని ఏజెన్సీలూ ఇలాగే చేస్తాయని కాదు. అయితే 0.01 శాతాన్ని అంగీకరించి సంతకం పెట్టే కమిటీకి ఈ కూడికలు, తీసివేతలు రావనుకోవడం కష్టం. ఆ కమిటీలో కామర్స్ ప్రొఫెసర్ కూడా ఉంటాడు కదా!

ఈ పద్ధతిలో మొదట వెళ్లిపోయేది ఊరివాడే. పెనుకొండలో పది మందికి పని చూపించగలిగిన చిన్న కాంట్రాక్టరుకు పనిచేయించడం తెలుసు, మనుషులు తెలుసు. ధరావతు, మూడేళ్ల టర్నోవరు, మూడు నెలల జీతాలు చేతి నుంచి పెట్టే స్తోమత లేవు. మహిళా సంఘాలదీ అదే పరిస్థితి. గెలిచేది పని బాగా చేసేవాడని అనుకుంటాం. బాకీని ఎక్కువకాలం మోయగలిగేవాడు గెలుస్తాడు.

చట్టం ఈ విషయంలో మెతకగా ఏమీ లేదు. చిన్న పరిశ్రమల చట్టం (2006) ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు సేవ అందిన తర్వాత, ఒప్పందంలో ఏమున్నా, 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు 2017 నుంచి సమాధాన్ పోర్టల్ ఉంది. వచ్చే ఏడు టెండరు ఇచ్చేదీ ఆ సంస్థే అయినప్పుడు దానిమీద ఫిర్యాదు చేసే చిన్న కాంట్రాక్టరు ఎవరు? షామియానా అతను పోర్టల్ జోలికి పోడు. రిజిస్ట్రారు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని, "సార్ ఉండారా?" అని అటెండరునే అడుగుతాడు.

జీతాల సంగతీ అంతే. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లోనే వచ్చింది. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని అందులో ఉంది. అది 20 మంది ఉంటే వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ అంకెను 50 చేసింది. పెద్ద క్యాంపస్‌కు దీంతో తేడా రాకపోవచ్చు. ఎనిమిది మందితో ఊడ్పించుకునే మన ఊళ్ల డిగ్రీ కాలేజీ మాత్రం పాత లెక్కలోనూ లేదు, కొత్త లెక్కలోనూ లేదు. ఒక ఊరట, కొత్త కోడ్లలో మరొకటైన వేతనాల కోడ్ మందిని లెక్కపెట్టదు: యజమాని ఇవ్వకపోతే ఆ సంస్థ ఎవరిదో వాళ్లు ఇవ్వాలంటుంది. ఎనిమిది మందికి ఇది చెప్పేవాళ్లు కావాలి.

ధర్మవరంలో ఈ మాట ఎత్తితే మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వొచ్చు. అక్కడ పట్టుచీర వెనక వార్పు పట్టేవాళ్లు, రంగులద్దేవాళ్లు, అచ్చులు అతికేవాళ్లు ఉంటారు. ఎవరి పని వాళ్లది, ఎవరి కూలి వాళ్లది. నేతగాడు చీర తెచ్చి మాస్టర్ వీవర్ ముందు మడత విప్పుతాడు, మజూరీ తీసుకుంటాడు. అదేమీ స్వర్గం కాదు. ముందుగా తీసుకున్న బాకీ మనిషిని ఏళ్ల తరబడి ఒకే ఆసామికి కట్టిపడేస్తుంది, చీరలో లోపం పేరుతో కోత పడుతుంది. అయినా ఇచ్చేవాడి మొహం కనిపిస్తుంది. వీధిలో నిలబెట్టి అడగొచ్చు. వర్సిటీలో ఊడ్చే ఆమె ఎవరిని అడగాలి? సూపర్‌వైజరు ఏజెన్సీని చూపిస్తాడు, ఏజెన్సీ బిల్లును చూపిస్తుంది, బిల్లు సెక్షన్ గ్రాంటును చూపిస్తుంది.

పాఠం చెప్పేవాళ్ల పరిస్థితి దీనికి దూరమేమీ కాదు. గెస్ట్ లెక్చరరుకు పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50 వేలకు మించకుండా ఇవ్వాలని యూజీసీ 2019 జనవరిలో చెప్పింది. చెప్పడం యూజీసీ వంతు, ఇవ్వడం ఇంకొకరి వంతు. గుజరాత్‌లో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నెలకు 30 వేలే ఇస్తున్న సంగతి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, కోర్టు చేత అక్షింతలు వేయించింది. అంతకుముందు 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో, కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన, తోటపని చేసినవాళ్లను క్రమబద్ధీకరించమంది. శాశ్వతంగా ఉండే పనిని అవుట్‌సోర్సింగ్ వెనక దాచే అలవాటును ఆ తీర్పు తప్పుపట్టింది.

మధ్యవాళ్లను తీసేస్తే సరిపోతుందా? ఆంధ్రప్రదేశ్ ఆ ప్రయోగం చేసింది. 2020 జులై 3న మొదలైన అవుట్‌సోర్సింగ్ సేవల కార్పొరేషన్ (ఆప్కాస్) ఉద్దేశం అదే: ఏజెన్సీ కమీషన్ ఉండకూడదు, ఒకటో తారీఖున జీతం పడాలి. కమీషన్ విషయంలో అది మంచి అడుగే. కార్పొరేషన్‌కు డబ్బు రావాల్సింది మాత్రం పనిచేయించుకునే సంస్థ నుంచే. అక్కడ ఫైలు పడుకుంటే ఇక్కడ ఒకటో తారీఖు లేవదు. లండన్‌లో సోయాస్ వర్సిటీ క్లీనర్లు 2006లో మొదలుపెట్టిన పోరాటానికి 2018లో ఫలితం వచ్చింది. వర్సిటీ వాళ్లను నేరుగా తన ఉద్యోగులుగా తీసుకుంది. పన్నెండేళ్లు పట్టింది, అదీ విద్యార్థులు, అధ్యాపకులు వాళ్లతోపాటు నిలబడ్డారు కాబట్టి.

అంతదూరం పోలేని చోట కనీసం చేయగలిగినవి ఉన్నాయి. పైసా శాతం టెండరును నమ్మబుద్ధి కానిదిగా పక్కన పెట్టొచ్చు. బిల్లు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులుందో కాంట్రాక్టరుకు, కార్మికులకు కనిపించేలా పెట్టొచ్చు. ఆడిట్‌వాళ్లు ఎక్కువ చెల్లించిన రూపాయిని పట్టుకున్నట్టే, 45 రోజులు దాటిన బిల్లునూ అభ్యంతరంగా రాయొచ్చు. ఈ చివరిది జరిగితే మిగతావి వాటంతటవే కదులుతాయి. కుర్చీలో ఉన్నాయనకు అప్పుడు రెండువైపులా భయం ఉంటుంది.

1970 చట్టం కింద తర్వాతి ఏడాది వచ్చిన కేంద్ర నిబంధనల్లో ఒక చిన్న ఏర్పాటు ఉండేది. కాంట్రాక్టరు జీతాలు పంచేటప్పుడు అసలు యజమాని మనిషి ఒకరు అక్కడ ఉండాలి. పంచాక, ఈ మొత్తాన్ని ఫలానా తేదీన, ఫలానా చోట నా సమక్షంలో కార్మికుడికి చెల్లించారని వేతన రిజిస్టరు చివర రాసి సంతకం చేయాలి. ఇప్పుడు జీతం బ్యాంకులో పడుతోంది కాబట్టి ఆ మనిషి రానక్కర్లేదు. బిల్లు కట్టలో పోయిన నెల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయమంటే చాలు, ఎవరి ఖాతాలో ఏ తేదీన ఎంత పడిందో వరసగా కనిపిస్తుంది. ట్యాగు దారానికి ఇంకో కాగితం పట్టేంత చోటు ఎప్పుడూ ఉంటుంది.