ఆ యాభై మందికి ఒక తేదీ కావాలి

కోనసీమకు గల్ఫ్ కొత్త కాదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధిలో అడిగినా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న మనిషి ఒకరైనా తేలతారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే కఫీల్ అంటే ఎవరో, ఖద్దామా (ఇంటిపని) వీసా మీద వెళ్లిన ఆడమనిషి రోజు ఎలా గడుస్తుందో, యజమానిని వదిలి పారిపోయి ఖల్లివెల్లి అయినవాడు దేశం దాటించే ఔట్‌పాస్ కోసం ఎన్నాళ్లు తిరగాలో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కూడా చెప్పగలదు. కాగితం మీద రాసిన పని ఒకటి, విమానం దిగాక చేయించే పని ఇంకొకటి అని మావాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే రష్యా సైన్యంలో ‘హెల్పర్’ ఉద్యోగం అన్న మాట విన్నప్పుడు నాకు గుండె గుభేలుమంది.

అలాంటి ఉద్యోగమని నమ్మి వెళ్లిన హైదరాబాద్ యువకుడు ఉక్రెయిన్ యుద్ధంలో మరణించాడని 2024 మార్చి 6న మాస్కోలోని మన రాయబార కార్యాలయం ప్రకటించింది. మర్నాడే సీబీఐ పలు నగరాల్లో ఏజెంట్ల స్థావరాలు సోదా చేసింది. ఆ ఏడాది సెప్టెంబరులో నారాయణపేట జిల్లా కుర్రాడొకరు కొందరు కర్ణాటక యువకులతో కలిసి ప్రాణాలతో ఇల్లు చేరాడు. అంతా సర్దుకుంటుందని అప్పుడు చాలామంది అనుకున్నారు.

సర్దుకోలేదు. రష్యా సైన్యంలో చేరిన భారతీయులపై 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క 126 మంది. వారిలో 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, ఇంకా రావలసినవారు 18 మంది, అందులో 16 మంది ఆచూకీ లేదు. అదే ఏడాది డిసెంబరులో రాజ్యసభకు ఇచ్చిన సమాధానం చూడండి: మొత్తం 202 మంది, విడుదలైనవారు 119, చనిపోయినవారు 26, ఆచూకీ లేనివారు ఏడుగురు, విడిపించాల్సినవారు 50. పదకొండు నెలల్లో చావులు రెట్టింపు దాటాయి. ఒక్కొక్కరిని తెచ్చుకుంటున్న కొద్దీ అక్కడ మిగిలినవారి సంఖ్య పెరిగింది. పడవకు పడ్డ చిల్లు పూడ్చకుండా నీళ్లు తోడితే ఏమవుతుందో గోదావరి పాయల మధ్య బతికే మాకు బాగా తెలుసు.

భారతీయులను చేర్చుకోవడం 2024 ఏప్రిల్ నుంచే ఆపేశామని ఢిల్లీలోని రష్యా రాయబార కార్యాలయం ఆ ఆగస్టులో చెప్పింది. ఆ మాట నిలబడి ఉంటే 2025 సెప్టెంబరులో మన విదేశాంగ శాఖ ఈ పద్ధతి ఆపండని మళ్లీ కోరాల్సిన అవసరం వచ్చేది కాదు. కాబట్టి పేరుపేరునా విజ్ఞప్తులు పంపడం చాలదు. మిగిలిన అందరినీ ఒకేసారి, ఫలానా రోజులోగా వదిలిపెడతామని రష్యా చేత రాయించుకోవాలి.

తేదీ మీద నాకింత పట్టుదల ఎందుకంటే, అది చేసే మేలు ఒకసారి చూశాం. 1987 జూలై 29న కొలంబోలో ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందంపై సంతకాలు చేశారు. వెంటనే మన సైన్యం శాంతి పరిరక్షక దళం పేరుతో శ్రీలంకలో దిగింది. అక్టోబరు వచ్చేసరికి జాఫ్నా కోసం తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈతో యుద్ధమే చేయాల్సి వచ్చింది. కాపాడతారని హారతులు పట్టిన తమిళులకు మనవాళ్లు శత్రువులయ్యారు, సింహళీయులకు మొదటి నుంచీ కంటగింపే. 1989లో తర్వాతి అధ్యక్షుడు ప్రేమదాస బాహాటంగా వెళ్లిపొమ్మన్నారు. దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. మధ్యలో వచ్చేస్తే దేశం పరువేం కావాలన్న వాదన అప్పుడూ ఉంది. 1989 సెప్టెంబరులో కుదిరిన అంగీకారంలో డిసెంబరు 31 అని గడువు రాసుకున్నాకే ఉపసంహరణకు ఒక రూపం వచ్చింది. ఈలోగా ఎన్టీఆర్ అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ఢిల్లీలో అధికారానికి వచ్చింది, వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు. గడువు తప్పింది నిజమే. అయినా మూడు నెలల లోపే, 1990 మార్చి 24న, ట్రింకోమలీ నుంచి చివరి దళం ఓడెక్కింది. మద్రాసులో వారికి స్వాగతం పలకడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. పొమ్మన్నచోటికి పోయి, రమ్మన్నప్పుడు వచ్చిన జవాన్లకు ఆ చేదు దక్కకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

వాళ్లు మన జెండా కింద వెళ్లినవాళ్లు. వెనక పటాలం ఉంది, పింఛను ఉంది, అమరులైనవారికి పేరు చెక్కిన రాయి ఉంది. రష్యాలో ఇరుక్కున్నవారికి ఇవేవీ లేవు. పైగా ఇది యుద్ధాల కాలం కాదని 2022 సెప్టెంబరులో సమర్‌కండ్‌లో పుతిన్ ఎదుటే మన ప్రధాని చెప్పారు. దేశం వద్దన్న యుద్ధంలో ఆ దేశపు పిల్లలు చావడమేమిటి?

డబ్బుకు ఆశపడి తెలిసే వెళ్లారు కదా అనేవాళ్లు ఉన్నారు. కొందరు తెలిసే వెళ్లి ఉండొచ్చు, కాదనను. కానీ అక్షరం ముక్క అర్థంకాని రష్యన్ కాగితం మీద పెట్టిన సంతకాన్ని ఇష్టపూర్వకమని ఎలా అంటాం? అరబ్బీ కాగితం మీద వేలిముద్ర వేసి, కఫీల్ ఇంట్లో నరకం చూసి తిరిగొచ్చిన అక్కను ‘ఎందుకు వేశావు’ అని మావైపు ఎవరూ నిలదీయరు. ముందు అన్నం పెడతారు.

మన చేతుల్లోనూ పని ఉంది. మన ప్రభుత్వం వలస వెళ్లేవారి అనుమతులు చూసే 18 దేశాల జాబితాలో గల్ఫ్ దేశాలున్నాయి, రష్యా లేదు. నేపాల్ 2024 జనవరిలోనే రష్యా, ఉక్రెయిన్‌లకు పని అనుమతులు ఆపేసింది. మనం ఆ జాబితాలో ఒక పేరు చేర్చలేమా? దొంగ ఏజెంటుకు 1983 నాటి వలస చట్టం వేసే శిక్ష రెండేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. అమలాపురం నుంచి హైదరాబాద్ విమానాశ్రయానికి కారు కిరాయి కూడా అంతకంటే ఎక్కువే.

రష్యా ముడిచమురుకు 2022 నుంచి మనం పెద్ద బేరగాళ్లం. 2025 డిసెంబరులో పుతిన్ ఢిల్లీకి వచ్చి వెళ్లారు. అడిగే చనువూ ఉంది, అడగ్గలిగే సత్తువా ఉంది. అమలాపురం ఎంపీ మొదలు తెలుగు రాష్ట్రాల సభ్యులందరూ పార్లమెంటు వచ్చే సమావేశాల్లో ‘ప్రయత్నాలు జరుగుతున్నాయి’ అన్న జవాబుతో ఊరుకోకుండా, ఏ తేదీకి తెస్తారని అడగాలి. చెప్పేదాకా మళ్లీ మళ్లీ అడగాలి.