అన్నం మానడమా, అన్నం కొలవడమా?

బరువు తగ్గదలచిన తెలుగువాడి ముందు నేడు రెండు దారులున్నాయి. తిన్న ప్రతిదానికీ కేలరీలు లెక్కగట్టి, రోజుకింత అని హద్దు పెట్టుకోవడం ఒకటి. లెక్కల జోలికి పోకుండా పిండిపదార్థాలను, అనగా మన ఇళ్ళలో అన్నాన్ని, దూరం పెట్టడం రెండవది. రెండు దారులలోనూ కొంతకొంత దూరం నడిచినవాణ్ణి గనుక ఈ టపా రాసే సాహసం చేస్తున్నాను. వైద్యుణ్ణి కానని ముందే మనవి.

ఈ రెండూ నిన్నమొన్నటివి కావు. లండనులో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వృత్తిలో ఉండిన విలియం బాంటింగ్, రొట్టె, చక్కెర, బంగాళాదుంపల వంటివి మాని తాను సన్నబడిన వైనాన్ని 1863లో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఆహారాన్ని కేలరీలలో తలపోయడం నేర్పుతూ లులు హంట్ పీటర్స్ అనే అమెరికా వైద్యురాలు 1918లో మరో పుస్తకం రాసింది. మన దగ్గర 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి ఊరూరా పాకి, అన్నం మానినవారూ కొబ్బరినూనె తాగినవారూ ప్రతి వీధిలోనూ కనిపించారు. ఆ గాలి కొంత ఆలస్యంగా నాకూ సోకింది.

అప్పటికి నా బరువు 84 కిలోలు. అన్నం, ఇడ్లీ, దోసె, చపాతీ అన్నీ మానేశాను. గుడ్లు, పనీరు, కూరలు, కోడిమాంసం. మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గేసరికి గర్వం తలకెక్కింది. (అందులో అధికభాగం నీరేనని తరువాత చదివి తెలుసుకున్నాను. శరీరం దాచుకున్న గ్లైకోజెన్ తరిగినప్పుడు దానితోపాటు ఉండే నీరూ పోతుందట.) నాలుగు నెలలకు 75కు వచ్చాను. ఆకలి బాధ అంతగా లేదన్నదీ నిజమే. అంతవరకు ఆ పద్ధతిని మెచ్చుకోక తప్పదు.

అయితే ఆ నాలుగు నెలలూ మా వంటింట్లో రెండు వంటలు జరిగాయి. నాకొకటి, తనకూ పిల్లలకూ ఒకటి. నేను బరువు తగ్గుతున్నానని బంధువులు అభినందించినప్పుడల్లా మా ఆవిడ నవ్వి ఊరుకునేది. ఎసట్లో బియ్యం మాత్రం అలవాటు చొప్పున పాత కొలతే పడేది. మిగిలిన అన్నం పారేయడం ఆమెకు చేతకాదు. మరునాడు అది చద్దన్నమో పులిహోరో అయ్యేది. తినేది ఎవరు? ఆమే. ఏడాది చివర పరీక్షలు చేయించుకుంటే నా కాగితం నిష్కళంకంగా ఉంది. ఆమె బరువు మూడు కిలోలు పెరిగింది, హెచ్‌బీఏ1సీ 6.1కి చేరింది. మధుమేహపు గడపలో నిలబడిందన్నమాట. నేను వదిలిన అన్నం ఎక్కడికి పోయిందో ఆనాడు తెలిసింది. దానికి నా ఆహారనియమమే పూర్తి కారణమని ఏ వైద్యుడూ అనలేదు. నేననుకుంటున్నాను.

ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదంపై నాకు ఆసక్తి తగ్గింది అప్పటినుంచే. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు, మరొక జట్టుకు పిండిపదార్థాలు తగ్గించి ఏడాదిపాటు గమనించింది. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండవది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా కాదు. విశేషమేమంటే రెండు జట్లలోనూ బాగా తగ్గినవారున్నారు, పెరిగినవారూ ఉన్నారు. పళ్ళెంలో మూడువంతుల్లో రెండువంతులు అన్నమే ఉండే మనకు అన్నం తగ్గిస్తే కేలరీలు వాటంతటవే తగ్గుతాయి. ఒకటి నిషేధంతో సాధించేదాన్ని మరొకటి అంకెతో సాధిస్తుంది, అంతే. కనుక నేనడిగే ప్రశ్న వేరు: ఈ నియమం ఎవరి రెక్కల మీద నడుస్తుంది?

నాకు తోచిన జవాబు, కొలవడమే మేలని. ఒకే కుండలోది అందరితో కూర్చుని తినవచ్చు, కొంచెం తక్కువగా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికలు చూస్తే వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు. కొర్రలు, జొన్నలు, రాగులు తింటే బరువు తగ్గుతామని నమ్మేవారు నొచ్చుకోకూడదు గాని, అవీ కాస్త అటూయిటూగా అంతే. వాటి సుగుణాలు పీచులోనూ ఖనిజాలలోనూ ఉన్నాయి. ఇక పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. త్రాసు కొన్న వారానికి నాకు కలిగిన జ్ఞానోదయం అన్నం గురించి కాదు, ఆవకాయ మీద తేలే నూనె గురించి.

కొలతకూ లోపాలున్నాయి. పప్పులో పోపు నూనె నా వాటాకు ఎంతొచ్చిందో బ్రహ్మకైనా తెలియదు. పెళ్ళి విందులో వడ్డించేవారి చేయి ఆపి లెక్క చూసుకునేవాడు లోభిలా కనిపిస్తాడు. మా అమ్మ వేసే “ఇంకొక్క ముద్ద”కు ఏ పట్టికలోనూ అంకె లేదు. ఇక మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. అన్నం తగ్గితే భోజనానంతరం చక్కెర తగ్గడం వారికి నిజమైన లాభమే. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో ఇన్సులినో వాడుతూ వైద్యునికి చెప్పకుండా అన్నం మానితే మాత్రం చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎవరి మాటో విని ఆ పని చేయకండి.

ఇప్పుడు మా ఇంట్లో ఒకే వంట. ఎసట్లో మూడు గ్లాసుల బియ్యం రెండు గ్లాసులైంది, పప్పు పెరిగింది, మిగలడం లేదు. త్రాసు చూసేది నేను, కుండలో బియ్యం పోసేదీ నేనే. నా బరువు 77 దగ్గర ఆగింది; పాత 75 రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. ఆమె మళ్ళీ పరీక్ష చేయించుకోవలసింది వచ్చే నెలలో.