పద్యం పట్టికలో ఇముడుతుందా?

పద్యాలన్నిటినీ పట్టికల్లోకి ఎక్కిస్తే సాహిత్యం భద్రమైపోయినట్టేనని కొందరు మిత్రుల ధీమా. ఆ ధీమాతోనే నాకు పేచీ.

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా గొప్పదే. గడికి ఒకే విలువ, వరుసలకు నిర్ణీత క్రమం లేకపోవడం దాని మూలసూత్రాలు. బ్యాంకు ఖాతాలకు అవి చాలును. పద్యానికో? పద్యమంటేనే క్రమం. పాదసంఖ్య వేసి దాన్ని నిలుపుకోవచ్చుననుకుందాం. పదం ఒక పాదంలో మొదలై మరుపాదంలో ముగిస్తే? 'రాముడతడు' అన్నచోట 'డ' ఏ పదపు గడిలో వేస్తారు? యూనికోడ్‌లో ఒకే సంకేతమైన ఆ అక్షరంలో హల్లు మొదటి పదానిది, అచ్చు రెండవదానిది!

ఇంతకన్న ఘోరం 'కవి' అనే గడి. ఒక చాటువును శ్రీనాథునిదని ఒకరంటారు, కాదని వేరొకరంటారు. గడి ఒక్కటే గనుక ఏదో ఒక పేరు పడుతుంది. వివాదం మాయమై, ఊహ సత్యమై కూర్చుంటుంది. ఇది నమూనా దోషం కాదు, రూపకర్త సోమరితనం. కర్తృత్వానికీ పాఠాంతరాలకూ వేరే పట్టికలు పెట్టి, ఎవరన్నారో, ఏ ప్రతిలో ఉందో వ్రాయండి. మూలపాఠాన్ని మాత్రం ముక్కలు చేయక అఖండంగా ఉంచి, పదవిభాగాన్ని ప్రక్కన వ్యాఖ్యగా చేర్చండి.

తాళపత్రాన్ని చెదలు తింటే కన్నమైనా కనబడేది. పట్టిక మింగినది కనబడదు.